సగం కొలత

రాయదుర్గం బస్టాండు వీధిలో పొద్దున ఏడున్నరకల్లా టీ అంగళ్ళు కాక తెరిచి ఉండేది రోషన్ బీ అంగడి ఒక్కటే. పల్లెల నుంచి మొదటి బస్సుకు దిగే ఆడవాళ్ళు, బజారులో మగవాళ్ళు నిండకముందే లోదుస్తులు కొనుక్కుని సంచీ అడుగున పెట్టుకోవాలనుకుంటారు. ఈ సంగతి కనిపెట్టబట్టే ఇరవై ఆరేళ్ళుగా ఆ అంగడి నిలబడింది. ఇంటి ముందు గదే అంగడి. దాని వెనక పచ్చ పరదా, పరదా వెనక కాపురం.

ఆమె దగ్గర టేపు లేదు. ఏ సైజు అని ఎవరినీ అడగదు. అడిగితే ఆడవాళ్ళు సిగ్గుపడతారు, సిగ్గుపడిన మనిషి మరుసటిసారి వేరే అంగడి చూసుకుంటుంది. అందుకని మనిషి గడప ఎక్కేలోపు ఒక్క చూపు చూసి, డబ్బా తీసి, పాత పేపరులో చుట్టి చేతిలో పెడుతుంది. బ్రా అనే మాట కూడా ఆమె నోట రాదు, బాడీ అంటుంది. చూపుతోనే కొలత చెప్పే మనిషని చుట్టుపక్కల పల్లెల్లో పేరు. ఆ పేరే ఆమె పెట్టుబడి.

ఆ శుక్రవారం పొద్దున మొదటి గిరాకీ ఓబులమ్మ.

"ఏమక్కా, చిక్కినావే? కోడలు సంగటి పెట్టడం లేదా?" అంది రోషన్ బీ.

"పెడ్తాంది లేమ్మా. నమిలేకి నాకే పండ్లు లేవు. పోయినసారి ఇచ్చినట్లాంటివే రెండియ్యి."

"అవి ఇస్తే భుజం మీంచి జారి కాళ్ళకాడికొస్తాయి. ముప్పై నాలుగు పట్టుకో."

"నీ కండ్లలో తక్కెడ పెట్టి పుట్టించినాడమ్మా మీ దేవుడు!"

"బిర్న సంచీలో పెట్టుకో. ఎదురుగా చెన్నప్ప టీకి వస్తాండాడు."

ఓబులమ్మ పొట్లాన్ని కందిబేడల కింద దాచింది. పోబోయి మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఇంగోటి. మా కోడలికి ముప్పై ఎనిమిది కావల్లంట. ఉండేది బిగుతయితాందంట."

రోషన్ బీ చెయ్యి పేపరు మీదే ఆగింది. "ముప్పై ఎనిమిది లేవు."

"ఎప్పుడొస్తాయి?"

"రావు. ఆ సైజు తెప్పించడం మానుకున్నా."

"గిరాకీ ఉండే సరుకు మానుకుంటారా ఎవురన్నా? నీకేమో అయ్యింది. సోమవారం మళ్ళా వస్తా, యాడన్నా చూసి పెట్టు." సణుక్కుంటూ ఓబులమ్మ మెట్లు దిగింది.

పరదా పక్కన నిలబడి ఆరీఫా ఇదంతా వింది. రోషన్ బీకి ఒక్కగానొక్క కూతురు ఆమె. ముప్పై నాలుగేళ్ళు. ఊళ్ళోనే ఒక జీన్స్ యూనిట్లో ప్యాంట్లకు వెనక జేబులు కుట్టే పని. ఏడాది కిందట బెంగళూరు ఆసుపత్రిలో ఆమె ఎడమ రొమ్ము తీసేశారు. ఆ తర్వాత నెలల తరబడి మందులు ఎక్కించారు. భర్త అక్బర్ లగేజీ ఆటో నడుపుతాడు, పగలంతా రోడ్డు మీదే. చూసుకునే మనిషి కావాలని ఆమెను పుట్టింట్లో ఉంచి, సాయంత్రాలు వచ్చి పోతున్నాడు. మందులు ఆగి మూడు నెలలైంది. తల మీద జుట్టు వేలెడు పెరిగింది.

"పైన మూడు డబ్బాలుండాయి కదమ్మా, ముప్పై ఎనిమిదివి. లేవంటివే?" అంది ఆరీఫా.

"అవి పాతవి. రబ్బరు పోయింటాది."

"ఇప్పుడన్నీ రబ్బరు పోయినవే అమ్ముతాండావా? వాటి పక్కనుండే ముప్పై ఆరు అదే రోజు వచ్చిన సరుకే."

"నీకెందుకు అంగడి సంగతి? గంజి చల్లారిపోతాది, పోయి తాగు."

ఆరీఫా పరదా దాటి వచ్చింది. "సోమవారం నుంచి పనికి పోతాండా. సూపర్‌వైజరుకు ఫోన్ చేసినా. మిషను ఖాళీగానే పెట్టినారంట."

రోషన్ బీ ముఖం విచ్చుకుంది. ఏడాదిగా ఈ మాట కోసమే చూస్తోంది. "పోమ్మా, పో. నలుగురిలో ఉంటే మనసు బాగుంటాది."

"పోవల్లంటే నాకొక బ్రా కావల్ల. ఇట్ల పైట కప్పుకొని మిషను ముందర కూర్చోలేను. వంగితే తెలిసిపోతాది. పక్క మిషను జయక్క మంచిదే, కానీ ఆమె కండ్లు యాడికి పోతాయో నాకు తెల్సు." పైట సర్దుకుంది. "నువ్వు కొలిచి ఇయ్యి మా."

రోషన్ బీ అల్మారా వైపు తిరిగింది. చూడకుండానే ఒక డబ్బా లాగి, లోపలిది తీసి, పేపరులో చుట్టి, వెనక్కి చూడకుండానే చెయ్యి చాచింది. ముప్పై ఆరు. జబ్బుకు ముందు ఎప్పుడూ ఇచ్చేదే.

ఆరీఫా ఆ పొట్లాన్ని చాలాసేపు చూసి, తీసుకుని లోపలికి పోయింది.

పదమూడేళ్ళప్పుడు కూడా ఇలాగే జరిగింది. ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి ఆమె పరుపు మీద పేపరు పొట్లం ఉంది. లోపల చిన్న తెల్ల బాడీ. ఎలా తొడుక్కోవాలో, కొక్కెం ఏ వరుసలో పెట్టాలో ఎవరూ చెప్పలేదు. అమ్మ అంగట్లో ఉంది. సాయంత్రం అన్నం పెడుతూ కూడా ఆ మాటే ఎత్తలేదు. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ లోదుస్తులు అమ్మే మనిషి కూతురు, ముందుది వెనక్కి తిప్పుకుని రెండు రోజులు తొడుక్కుంది.

మధ్యాహ్నం రెండుగంటలకు అంగడి తలుపు సగం మూసి రోషన్ బీ లోపలికి వచ్చింది. మసీదు నుంచి అప్పుడే వచ్చిన భర్త దాదా ఖలందర్ వెనక వసారాలో కూర్చుని పరుపుకు పత్తి ఏకుతున్నాడు. ఆయనది పరుపులు, దిండ్లు కుట్టే పని. మనిషి మాట తక్కువ. మీసాల మీద ఎప్పుడూ దూది పోగులు ఉంటాయి.

ఆరీఫా గదిలోంచి బయటికి వచ్చింది. నైటీ మీద చున్నీ లేదు. రోషన్ బీ చూపు పక్కకు తిప్పుకుంది.

"చూడు మా," అంది ఆరీఫా.

"బాగుండాది."

"యాడ చూసినావు నువ్వు? గోడ చూసి బాగుండాదంటాండావు."

"చూసినాలే."

"నువ్విచ్చిన ముప్పై ఆరు తొడుక్కున్నా. ఎడమ పక్క రెండు చేతిగుడ్డలు కుక్కినా. అవి గొంతుకాడికొచ్చినాయి. వెనక పట్టీ మెడ కిందికి ఎక్కుతాది. సన్నబడి సగమైనా మా నేను. ఓబులమ్మక్క చిక్కిందని గడప కాడనే కనిపెట్టినావే, నీ ఇంట్లో తిరిగే కూతురు చిక్కింది కనపడలేదా?"

"ముప్పై నాలుగు ఇస్తా ఉండు."

"ఇంగో డబ్బా వద్దు!" ఆరీఫా గొంతు లేచింది. వసారాలో పత్తి ఏకే చప్పుడు ఆగింది. "కొలవల్ల. ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది. ఒక పక్క లేనోళ్ళకు చుట్టూ టేపేస్తే కొలత తప్పు వస్తాదంట. వెనక ఎన్నుపూస కాన్నుంచి ముందర ఎదుర్రొమ్ము ఎముక దాకా, ఉండే పక్క మాత్రం సగం కొలిచి, దాన్ని రెండింతలు చేయల్లంట. నా వీపు నేను కొలుచుకోలేను కదా."

"అక్బర్ వస్తాడు కదా సాయంత్రం…"

ఆ మాట అనకుండా ఉండాల్సిందని రోషన్ బీకి వెంటనే తెలిసింది. అప్పటికే ఆలస్యమైంది.

"అక్బర్!" ఆరీఫా నవ్వింది. ఆ నవ్వు చూడటం కష్టంగా ఉంది. "కుట్లు చీము పట్టినప్పుడు ఆయప్పే కడిగినాడు. మూటలు మోసొచ్చిన చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కొని, దీపం దగ్గర పెట్టుకొని కట్టు మార్చినాడు. నువ్వు గంజి కాచినావు. వాంతి చేసుకుంటే బకెట్టు పట్టుకున్నావు. ఊడిన జుట్టు ఊడ్చినావు. అన్నీ చేసినావు మా, లేదనను. కానీ ఏడాదయింది, ఒక్కసారి ఈడ చూడలే. స్నానం చేస్తాంటే తువ్వాలు తలుపు సందులోంచి ఇస్తావు, మొగం తిప్పుకొని. నాకు తెలీదనుకున్నావా? అసహ్యమా మా, నేనంటే?"

"అల్లా సాక్షిగా కాదే!"

"మరెందుకు?"

రోషన్ బీ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత పరదా అవతలి అంగడి వైపు చెయ్యి చూపించింది.

"ఆ మూడు డబ్బాలు," అంది.

ఆరీఫాకు అర్థం కాలేదు.

"పోయిన సంవత్సరానికి ముందు సంవత్సరం, రంజాను గుడ్డలకని వచ్చినావు. గుర్తుండాదా? 'మా, ఎడమ పక్క ఒకటే బిగుతయితాంది, కుడి పక్క సరిగానే ఉండాది' అన్నావు. అంగట్లో అప్పుడు నలుగురు గిరాకీ. నేను నీ మొగం గూడా చూడలే. ముప్పై ఆరు తీసుకొని ముప్పై ఎనిమిది చేతిలో పెడితిని. వొళ్ళు చేసినావులే అంటిని."

ఆరీఫా చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ పక్కకు పోయింది.

"ఇరవై ఆరేండ్ల నుంచి ఇదే పని చేస్తాండా. వొళ్ళు చేస్తే రెండు పక్కలా చేస్తాది కదా. ఒక పక్కే బిగుతయితాందంటే ఎందుకని అడగల్ల కదా. గడ్డ ఉండాదేమో చూసుకో అనల్ల కదా. కూతురొచ్చి చెప్తే, గిరాకీకి ఇచ్చినట్ల పెద్ద డబ్బా ఇచ్చి పంపిస్తిని. తొమ్మిది నెల్లు నువ్వు ఆ ముప్పై ఎనిమిది తొడుక్కొని తిరిగినావు. బెంగళూరులో డాక్టరు బయటికొచ్చి నన్నే అడిగినాడు, ఎప్పట్నుంచి తెల్సమ్మా అని. నిన్నా మొన్నా అని అబద్ధం చెప్పినా. రొంత ముందు తెచ్చింటే తీసే పని లేకపోవునేమో అన్నాడు. ఆ మాట ఎవురికీ చెప్పలే. మీ నాయనకు గూడా చెప్పలే." ఆమె రొమ్ము మీద కొట్టుకుంది. "నిన్ను చూస్తే నాకు ఆ డబ్బానే కనపడుతుందే ఆరీఫా. ఎట్ల చూసేది?"

రోడ్డు మీద కళ్యాణదుర్గం బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

ఆరీఫా ముఖంలో రక్తం లేదు. మెల్లగా వచ్చి తల్లి ఎదురుగా నేల మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తల్లిని ముట్టుకోలేదు.

"పోనీలే అని చెప్పలేను మా," అంది. "అబద్ధమవుతాది. ఆ తొమ్మిది నెల్లు నాకు ఎవురు తెచ్చిస్తారు?"

రోషన్ బీ తల అడ్డంగా ఊపింది. ఎవరూ తెచ్చివ్వలేరు.

"నేనూ అంతే. పెద్దది తొడుక్కుంటానే హాయిగా ఉండె. బిగుతు పోయింది కదా అని నేనూ మర్చిపోయినా. స్నానంలో చేతికి తగిలితే కండ అనుకున్నా. నీ ఒక్కదానిదే తప్పని ఎట్ల అంటా?" ఆరీఫా కళ్ళు తుడుచుకుంది. "అయిపోయిన నెల్లు పోయినాయి. మూడు నెల్లకోసారి పరీక్షలంటాండారు. ఈసారికి మంచిగుండాది, వచ్చేసారి తెలీదు. ఉండే నెల్లు గూడా నువ్వు గోడ చూసుకుంటా పోగొడితే, అది మటుకు నేను ఓర్చుకోలేను."

ఆమె లేచి కుట్టుమిషను సొరుగులోంచి పసుపురంగు టేపు తీసి తల్లి ఒళ్ళో వేసింది. తర్వాత గది తలుపు దగ్గరికి వేసి, వీపు తిప్పి నిలబడి, నైటీ భుజాల మీంచి దించింది.

రోషన్ బీ టేపు పట్టుకుని లేచింది.

ముందు వీపు చూసింది. ఎన్నుపూస ఒక్కొక్క ముడీ లెక్కపెట్టేలా ఉంది. టేపు మొన అక్కడ ఆనించింది. కుడి చంక కింద నుంచి ముందుకు తెచ్చింది. ముందుకు రావాలంటే తానూ తిరగాలి. తిరిగింది.

మచ్చ ఎదురురొమ్ము మధ్య నుంచి ఎడమ చంక దాకా ఏటవాలుగా పోయింది. చుట్టూ చర్మం నల్లబడి ఉంది. ఎముకల కింద గుండె కొట్టుకోవడం పైకి కనిపిస్తోంది. రోషన్ బీ ఈసారి చూపు తిప్పుకోలేదు. ఎడమ అరచెయ్యి తెరిచి ఆ మచ్చ మీద పెట్టింది. ఆరీఫా ఒళ్ళు ఒక్కసారి బిగుసుకుని, తర్వాత వదులైంది.

"నొప్పుందా?"

"లేదు. మొద్దుబారింది. నీ చెయ్యి వెచ్చగుండేది మటుకు తెలుస్తాంది."

రోషన్ బీ కళ్ళు రెండుసార్లు తుడుచుకుని టేపు మీది అంకె చదివింది.

"ఊపిరి వదులు. రొమ్ము కింద పద్నాలుగున్నర."

"రెండింతలు?"

"ఇరవై తొమ్మిది." రోషన్ బీ టేపు మళ్ళీ చూసింది. "ఇరవై తొమ్మిదేనే?"

"పైన కొలువు మా. అది బిగించి పట్టుకోకూడదు, ఊరికే ఆనించల్ల."

"పదహారు. ముప్పై రెండు."

ముప్పై సైజు పట్టీ కావాలి. అంగట్లో ముప్పైలో ఉన్నవన్నీ కప్పు లేనివి, బడికి పోయే పిల్లలవి. పదమూడేళ్ళ ఆరీఫా పరుపు మీద పొట్లం కట్టి పెట్టినది కూడా ఆ సైజే. రోషన్ బీకి అది గుర్తొచ్చింది. పైకి అనలేదు. టేపు చేతిలో పట్టుకునే కూతురి భుజం మీద తల వాల్చింది. ఇద్దరూ అలాగే నిలబడి ఏడ్చారు. ఎవరూ ఎవరినీ ఊరుకోమని అనలేదు.

తలుపు తీసేసరికి గడప మీద తెల్లగుడ్డ మూట ఉంది. దాదా ఖలందర్ వసారాలో వాళ్ళకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు.

"ఇదేంది నాయనా?"

"పత్తి," అన్నాడు ఆయన తిరగకుండానే. "మూడుసార్లు ఏకినా. గింజ లేదు, నలక లేదు. ఒంటికి గుచ్చుకోదు." ఒక దూది పోగు వేళ్ళ మధ్య నలిపాడు. "ఉత్త దూదైతే తేలిపోతాది, పైకి ఎక్కుతాది. దిండ్లకు గూడా అంతే. నడిమధ్యన రొంత బరువు పెట్టల్ల. కొర్రలు పెట్టండి, సన్నగింజ, ఒంటికి తగినట్లు సర్దుకుంటాది."

మనిషి అంతా విన్నాడు. మీసాల మీది దూది తడిసి అంటుకుపోయింది.

ఆ సాయంత్రం అంగడి తెరవలేదు. కప్పు సరిపోయే ముప్పై రెండు ఒకటి వెతికి, ఆరీఫా వెనక పట్టీ రెండంగుళాలు తగ్గించి కుట్టింది. ఎడమ కప్పు లోపల మెత్తటి గుడ్డతో జేబు వేసింది. వేల జీన్సులకు జేబులు వేసిన చెయ్యి, ఈ జేబు దగ్గర మూడుసార్లు కుట్టు విప్పింది. రోషన్ బీ కొర్రలు కడిగి, ఆరబెట్టి, చిన్న సంచీలో పోసి, చుట్టూ పత్తి పెట్టింది. కుడి పక్కకు సమంగా వచ్చేదాకా కాసిన్ని పోసింది, కాసిన్ని తీసింది. నాలుగోసారికి ఆరీఫా అద్దంలో చూసుకుని భుజాలు కదిలించింది. రెండు భుజాలూ ఒక ఎత్తున నిలిచాయి.

రోషన్ బీ పట్టీ కిందికి రెండు వేళ్ళు పోనిచ్చి చూసింది. సరిగ్గా రెండే పట్టాయి. వేళ్ళు వెంటనే తీయలేదు.

"ఇట్ల చూడల్ల. రెండు వేళ్ళు పట్టల్ల, మూడోది పట్టకూడదు," అంది ఆరీఫా. "బరువంతా పట్టీ మోయల్ల, భుజాలు కాదు. ఇన్నేండ్లు నువ్విచ్చినవన్నీ భుజాలు కోసేటివే మా."

"ఎవురూ చెప్పలేదే నాకు?"

"నువ్వు ఎవుర్ని అడిగినావు?"

రోషన్ బీకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

సోమవారం పొద్దున ఆరీఫా పైట సర్దుకోకుండా, చేతులు ఊపుకుంటూ వీధి మలుపు తిరిగింది. కనపడినంతసేపూ రోషన్ బీ ఆ వీపునే చూసింది. అప్పుడే మొదటి బస్సు వచ్చింది. ఓబులమ్మ దిగింది.

"తెప్పించినావా ముప్పై ఎనిమిది?"

రోషన్ బీ స్టూలెక్కి పై అరలోంచి మూడు డబ్బాలూ దించింది. దుమ్ము తుడిచింది. ఓబులమ్మ చెయ్యి చాచింది. ఆమె ఇవ్వలేదు.

"అక్కా, మీ కోడలికి బిగుతు రెండు పక్కలా ఉండాదా? ఒక పక్కనా?"

ఓబులమ్మ చుట్టూ చూసింది. ఎదురుగా చెన్నప్ప టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "సిగ్గులేదా నీకు? గట్టిగా అడుగుతాండావే! అదంతా నేనెట్ల అడిగేది పిల్లని?"

"నువ్వు అడగొద్దు. ఆ పిల్లనే పిల్చుకొని రా." రోషన్ బీ మెడలో వేసుకున్న పసుపు టేపు చేత్తో పట్టుకుంది. "నేనడుగుతా. అంతదాకా పెద్ద సైజు ఇయ్యను."

"గిరాకీ పోగొట్టుకుంటాండావు, చూస్కో."

"పోనీ అక్కా," అంది రోషన్ బీ. "మధ్యాహ్నం బస్సుకన్నా పిల్చుకొని రా. నేను అంగడి మూయను, కాచుకొనుంటా."